సంధి

గాజు పలక మీద ఒక్క చుక్క.
గిర్రున తిరిగే చక్రం దాన్ని పరిచేస్తుంది
ఉల్లిపొర కూడా సిగ్గుపడేంత పలచగా.
నా తలవెంట్రుకని ఏడొందల పొరలుగా చీలిస్తే
అందులో ఒకటి.
లేత నీలం.
ఉతికి ఉతికి వెలిసిన స్కూలు లంగా రంగు.

ఇది ప్లాస్టిక్కే. స్నానాల గదిలో బకెట్టుకి
దూరపు చుట్టం.
కాకపోతే కరెంటుకి దారిస్తుంది,
ఉప్పునీళ్ళలో ముంచితే ఒళ్ళు ఉబ్బించుకుని
అయాన్లని నట్టింట్లోకి రానిస్తుంది.
సిలికాన్ అలా కాదు,
ఎవరొచ్చినా గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడుతుంది.

బరంపురం, జూన్ నెల. గాలిని పిండితే నీళ్ళు.
ఈ వారం తొమ్మిది పొరలు పొలుసుల్లా ఊడిపోయాయి.
పదోదాన్ని ప్రోబు కింద పెట్టగానే లైన్ పోయింది.
లిప్సా ఒడియాలో తిట్టింది, నేను తెలుగులో.
కరెంటొచ్చాక యంత్రం
ఇంగ్లీషులో తన తప్పు లేదంది.

మేం చేస్తున్నది నాడికి నకలు.
ఒకసారి తడితే ఉలిక్కిపడాలి.
వెంటనే మళ్ళీ తడితే ఇంకాస్త గట్టిగా.
తట్టగా తట్టగా
తట్టడం మానేశాక కూడా కొంతసేపు
తట్టినట్టే ఉండాలి.
ఆ కొంతసేపుని మా రాతల్లో జ్ఞాపకం అంటాం.
మాది నలభై సెకన్లకే మర్చిపోయేది.

సీసాలో శుద్ధమైన ఉప్పు అయిపోయిన రోజు
అటెండరు బైరాగి తువ్వాలు మూట విప్పాడు.
హుమ్మా మళ్ళలో వాళ్ళన్న పండించిన ఉప్పు,
కాస్త బూడిదరంగు, కాస్త బురద వాసన.
"ఇదీ ఉప్పేనమ్మా."
నవ్వుతూనే కలిపాం.
గీత వణికింది, వంకర పోయింది,
కిందికి రావడం మానేసింది.
ఐదుసార్లలో మూడుసార్లు
పదకొండు నిమిషాలు
ఆ నీలం ముదురుగానే ఉండిపోయింది.
మలినాల పని అయ్యుంటుంది అన్నారు మేడం,
ఏ మలినమో తేల్చేదాకా ఎక్కడా రాయొద్దన్నారు.

నిజం నాడులు ఒకదాన్నొకటి తాకవు.
మధ్యలో సన్నని ఖాళీ.
దానికి నా భాషలో సంధి అని పేరుందని
లిప్సాకి చెప్పబోయి చిక్కుకుపోయాను.
మా తెలుగు బడి ఆఖరి బ్యాచ్ నాది.
ఏడుగురం, మూడు బల్లలు.
జగ్గారావు మేష్టారు సుద్దముక్కతో
ఉప్పు ప్లస్ ఏది అని రాసి
ఉప్పేది అని కలిపేసి,
"మధ్యలో ఉండే ఉ ఏమయిందే?" అని అడిగేవారు.
పోయింది సార్.
"ఎక్కడికి?"
ఎవరమూ చెప్పలేదు. ఇప్పటికీ.
కొట్లాడుకున్నవాళ్ళు రాజీ పడినా సంధే.
జ్వరం నెత్తికెక్కి ఏదేదో పలవరిస్తే, అదీ సంధే.
ఇచ్ఛాపురం దాటి బస్సు బోర్డు లిపి మార్చుకునే చోట
నాకు ఆ మూడూ ఒకేసారి వస్తాయి.

లింగరాజు పాత్రుడిది మా పక్క మగ్గం.
స్కూటరు మీంచి పడి ముంజేతిలో నరం తెగింది.
అతుకు పడింది గానీ మూడు వేళ్ళకి
పట్టుపోగు ఉందో లేదో తెలీదు.
కళ్ళతో చూసి పట్టుకుంటాడు,
చూపు తిప్పితే జారిపోతుంది.
"ఎప్పుడొస్తాదమ్మా ఇది నా ఏళ్ళలోకి?"
అబద్ధం చెప్పలేకపోయాను.
ఇంకా గాజు మీదే ఉంది, పాత్రుడు మావా,
చేతిలోకి రావడానికి ఏళ్ళు పడతాయి, రాకపోవచ్చు కూడా.
ఇప్పటికి పదకొండు నిమిషాలే గుర్తుంచుకుంటోంది,
అదీ ఎప్పుడైనా.

అతను మగ్గం వైపు చూశాడు,
సగంలో ఆగిన ఎర్రంచు వైపు.
"పదకొండా? సాల్దేటి?
అంచు మీద ఒక గోపురం ఎక్కించెయ్యగల్ను."

ఆ మాట ల్యాబు పుస్తకంలో రాసుకున్నాను
తేదీ వేసి.
ఏ గడిలో రాయాలో తెలీక
మార్జిన్లో.