నాలుగు నిమిషాలు

మండిబజార్ల మా కొట్టు వెడల్పు
ఒక మనిషి చేతులు చాపినంత.
ఉస్తాద్ బషారత్ మియా ఎన్నడూ చాపలేదు.
మోచేతులు పక్కటెముకలకు అదుముకొని
కంట్ల భూతద్దం బిగించి
పదహారేండ్లు నాకు ఒకటే పాఠం చెప్పిండు:
"ఊపిరి పక్కకు వదులు బేటీ,
స్ప్రింగు ఎగిరిపోతది."

ఆయన పోయినంక వచ్చిందీ రంగుల పుస్తకం.
స్విట్జర్లాండు కంపెనీది.
హన్మకొండ షోరూం పిలగాడొకడు
నా బల్లమీద పడేసి పోయిండు.
నున్నటి కాగితం,
నూనె వేళ్లతో ముట్టబుద్ధి కాదు.
మొదటి పేజీల చరిత్ర:
కొండల నడుమ లోయ, ఆరునెలలు మంచు,
చేనుకు దారి మూసుకుపోతే
రైతులు కిటికీ పక్కన కూసోని
పండ్ల చక్రాలు ఆకురాయితో అరగదీసేవాళ్లట.
నాకు కొత్తవాడ యాదికొచ్చింది,
గుంత మగ్గంల నడుం దాకా దిగి
జంపఖానా నేసే మా చిన్నాయన.
వాళ్లకు వెలుతురు మంచుమీదికెల్లి,
మాకు ఎదురింటి సున్నంగోడమీదికెల్లి.

తర్వాత పేజీలనిండ గడియారాల ఖాన్దాన్లు.
సముద్రంల మూడువందల మీటర్లు మునిగేదొకటి,
విమానం తోలేటోనిదొకటి,
చందమామ పెరుగుడు తరుగుడు చూపెట్టేదొకటి.
ఉస్తాద్ అయితే నవ్వుతుండె.
రంజాన్ ఆఖరిరోజు నెలవంక కోసం
మోకాళ్ల నొప్పులతోటి మేడెక్కే మనిషి,
డబ్బీల చంద్రుణ్ణి నమ్ముతడా?
ధర మాత్రం ఏ పేజీల లేదు.

ఆ వారమే చింతం ఓదెలు వచ్చిండు.
ఆజంజాహి మిల్లు, సైజింగు ఖాతా.
రుమాల్ల ముడి విప్పితే
అదే కంపెనీది, యాభై ఏండ్ల కిందటి ముక్క.
మిల్లు మాస్టరొకడు ఊరిడిసిపోతా
చిట్టీ పైసలకు బదులు చేతికి కట్టిపోయిండట.
సముద్రం చూడలేదు ఇది.
గంజి ఆవిరి తాగింది,
చెమట తాగింది,
లాకౌట్ల రెండుసార్లు మార్వాడీ పెట్టెల పండింది.

వెనకమూత విప్పిన.
లోపలి దిక్కు, సూదితో గీకిన గుర్తులు,
విప్పినోళ్లందరి సంతకాలు.
అర్థంగాని ఇంగ్లీషు అక్షరాలు రెండు,
ఎక్కడిదో ఒక చుక్కా గీతా,
కిందికి మూడుచోట్ల ఉస్తాద్ 'బే',
పక్కన ఉర్దూ నాలుగు.
నాలుగోసారి సర్వీసేమో అనుకున్న.
కాని మూడే ఉన్నయి గదా,
అని కూడ అనుకున్న, వదిలేసిన.

కడిగిన, నూనె చుక్క సూదిమొనతోటి దింపిన.
తొమ్మిది రోజులు రేడియోకు జతజేసి చూసిన.
రోజుకు రెండు సెకండ్లు, అంతే తేడా.
ఆ లోయల ముసలోళ్లు చూస్తే
భుజం తడతరు అనుకున్న.

మూడోనాడే ఓదెలు తిరిగొచ్చిండు.
"ఖరాబ్ జేసినవ్ బిడ్డా,
మంచిగ నడిచేదాన్ని."

"కరెక్టుగ ఉన్నది తాతా."

"అదే గదా ఖరాబ్.
గేటు మూసినంక నిమిషం దాటితే
సగం దినం కూలి కోసేటోళ్లు.
నాలుగు నిమిషాలు ముందుండాలె ఇది.
మియాకు తెలుసు."

మిల్లు పోయి ఇరవై ఏండ్లు దాటింది.
గేటు లేదు, సైరన్ లేదు,
కూలి కోసే టైంకీపర్ ఏ మట్టిల ఉన్నడో.
ఆ మాట నా నోటిదాకా వచ్చి,
ఊపిరితోపాటు పక్కకు పోయింది.

మళ్ల విప్పిన మూత.
ఉస్తాద్ నాలుగును వేలితోటి తడిమిన,
కంటికంటె వేలికే ఎక్కువ తెలిసింది.
దాని కింద సూదితో
నేను సుత తెలుగుల నాలుగు గీకిన, ౪.
ఇది విప్పేటోడు రేపెవడన్న ఉంటే
నెత్తి గోక్కుంటడు.

ముల్లు ముందుకు జరిపి చేతికిచ్చిన.
పైసలు అడగలేదు, ఆయన ఇయ్యక మానలేదు,
ముప్పై రూపాయలు, మడతలు పడ్డయి.
పుస్తకం దిక్కు ఒకసారి చూసి
"ఇదేంది, పెండ్లి పత్రికనా?" అన్నడు.
ఇంక కూసోమంటే కూసోలేదు.
బస్సుకు టైమైందని
చెప్పులేసుకున్నడు,
బస్సు ఇంక రాకముందే.