నాలుగో కానా

ఫారంలో మొదటి గడి: ఇంటి నంబరు.
పక్కన ఎర్ర చుక్క. అది నింపకపోతే
ట్యాబు రెండో పేజీకి వెళ్లదు.

శ్రీకాకుళం పాత వంతెన కింద, రాత్రి పదకొండున్నరకి,
సెల్‌ఫోను లైటు పళ్ల మధ్య కరిచి పట్టుకుని
మనుషుల్ని లెక్కపెడుతున్నాను.
వార్డు శానిటేషన్ కార్యదర్శిని.
దోమల మందూ చెత్త బండీ నా పని.
మనుషుల్ని కూడా నాకే రాశారు.

"డోరు నంబరేటమ్మా?" అడగాలి కనుక అడిగాను.
"నాలుగో కానా బావూ," అంది దాలమ్మ.
"ఏరొచ్చినపుడు మూడోది ముందు ములుగుద్ది.
అందుకే మేం నాలుగులో ఉన్నాం."
ఇంత సరైన చిరునామా
మా వీధిలో ఎవరూ చెప్పలేరు.
ట్యాబు ఒప్పుకోలేదు.

అబద్ధమెందుకు, నాకూ ఆ చోటంటే భయమే.
కిందటి నెల ఒకడు సీసా పగలగొట్టి
ఇంకొకడి చెవి కోసేశాడు.
రక్తం మీద బ్లీచింగ్ చల్లించింది నేనే.
ట్యూషన్ నుంచి పిల్లని తెచ్చేటప్పుడు మా ఆవిడ
డే అండ్ నైట్ జంక్షన్ మీదుగా చుట్టు తిరిగి వస్తుంది.
హైమావతి టీచరు మెడలో గొలుసు
ఆ మెట్ల దగ్గరే పోయింది.
ఏడూ నలభై. బండి మీద ఇద్దరు.
మొహాలు కనపడలేదట, చీకటి.

సోమవారం గ్రీవెన్సులో ఆవిడ అర్జీ పెట్టింది.
బల్ల మీంచి బల్లకి జారుతూ
నా దగ్గరికొచ్చేసరికి అది ఒక్క వాక్యమైంది:
"వంతెన క్రింది వ్యక్తులను తొలగించవలెను."

ఇలా తీసుకుపోయి అలా వదిలేయడం కాదు, వసతి గృహముంది.
మగవాళ్ల హాలు, ఆడవాళ్ల హాలు.
మంచాలు ఇరవై రెండు. మనుషులు ముప్పై ఒకరు.
తొమ్మిదికి గేటు వేస్తే ఐదుకి తీస్తారు.
"మా గవరయ్యకి ఉచ్చగొట్టం ఉంది బావూ,
రేత్రి మూడుసార్లు సూడాల.
ఆ హాల్లో ఎవులు సూత్తారు?"
దానికి గడి లేదు. "ఇతరములు" అని ఒకటుంది.
అందులో రాశాను: గొట్టం, భార్య కావాలి.

నాలుగున్నరకి జేసీబీ వచ్చింది.
డ్రైవరు జోగులు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.
పడుకున్నవాళ్లంతా లేచి నిలబడ్డాక కూడా
కొడుతూనే ఉన్నాడు.
పోలీసులు టీ కప్పులతో అటు తిరిగి నిలబడ్డారు.
చోడి అంబలి కుండ ఒకటి దాలమ్మ చేతికందించాను.
మూత దొరకలేదు.

పదకొండు మంది వసతి గృహానికి వెళ్లారు.
మిగతా ఇరవై మందిని రిపోర్టులో
"స్వచ్ఛందంగా వెళ్లిపోయారు" అన్నాం.

గొలుసు దొంగలు ఎచ్చెర్ల దగ్గర దొరికారు.
వంతెన కింద ఒక్క రాత్రీ పడుకోనివాళ్లు.

టీచరు అర్జీ నకలు పట్టుకుని సచివాలయానికొచ్చింది.
గుండ్రటి అక్షరాలు, నల్లబల్ల మీద రాసినట్టు.
మెట్ల దగ్గర దీపం పోయి ఎనిమిది నెలలైందని,
వేయించమని.
కింది మనుషుల గురించి ఉన్నది ఒకే మాట:
"నేను పడిపోతే ఒక ముసలామె పైకొచ్చి మంచినీళ్లిచ్చినది.
సాక్షిగా ఆమెను అడగగలరు."

"ఇది వెనక్కి తీసుకోవచ్చా నాయనా?"
కంప్యూటరు తిప్పి చూపించాను.
పరిష్కరించబడినది. పచ్చ రంగు.
ఆవిడ కాసేపు ఆ రంగునే చూసింది.

దీపం వేశారు, అది నిజం.
చుట్టూ ఇనప కంచె, గోడ మీద నీలం ఏరు, రెండు కొంగలు.
ఆరింటికల్లా వెలుగుతుంది.
మా ఆవిడ ఇంకా చుట్టు తిరిగే వస్తోంది.

మొన్న తోటపల్లి గేట్లెత్తారని ఆటోలో మైకు తిరిగింది.
డ్యూటీ వేసి నన్ను వంతెన మీద నిలబెట్టారు.
రెయిలింగు పట్టుకుని వంగి చూశాను.
నాగావళి ఎర్రగా, బరువుగా వచ్చి
ముందు మూడో కానాలోకి దూరింది.
పదింటికి కూడా నాలుగోది పొడిగానే ఉంది.

జేబులో ట్యాబు కదిలింది.
మీ వద్ద పూర్తికాని ఫారాలు: ముప్పై ఒకటి.
తెరిచాను.
ఇంటి నంబరు.
పక్కన ఎర్ర చుక్క.