బండనానుకున్న ఇల్లు

బోరబండ నుంచి సికింద్రాబాద్, తెల్లారి మొదటి ట్రిప్పు.
ఖాకీ ఆప్రాన్ కింద నల్ల చుడీదారే తొడుగుత
నెలకు పద్నాలుగు రోజులు.
ఒకదాని మీద ఒకటి రెండు ప్యాడ్లు,
సంచిల ఇంకో నాలుగు, చిల్లర పక్కన.
ఆడోళ్లకు జీరో టికెట్ కొట్టుకుంట కొట్టుకుంట
అమీర్‌పేట దాటేసరికి
నిలబడ్డ కాడ నేనే కారిపోతున్నట్టుంటది.

మొదటి డాక్టరమ్మ తలెత్తకుండ రాసింది.
"రక్తం ఏడే ఉన్నది. గడ్డలు మూడు, పెద్దది బత్తాయంత.
పిల్లలిద్దరున్నరు కద, సంచి తీసేద్దాం.
ఇగ దానితోని ఏం పని?"
ఇరవై ఏండ్ల సంది సంచి ఏసుకొని బతికినదాన్ని,
సంచి తీసేద్దాం అంటే
చెయ్యి భుజం మీదికి పోయింది.

స్కాన్ కాగితంల ఇంకో మాటుండె:
గర్భసంచి పద్నాలుగు వారాల సైజు.
చిన్నోడు కడుపుల ఉన్నప్పుడు ఆ వారాలల్ల
డీజిల్ వాసనకే వాంతులు.
ఇప్పుడు లోపల ఎవ్వరు లేరు.
అయినా బస్సు బ్రేకేస్తే
చెయ్యి అడ్డం పెట్టుకుంటున్న.

డిపోల అండాలక్కకు ఇరవై తొమ్మిదేండ్లకే తీసిన్రు,
కడుపునొప్పి అని పోతే.
"ముప్పై దాటకముందే ముసలిదాన్నైన చెల్లే.
కీళ్లు, ఆవిర్లు, రాత్రంత ఫ్యాను కింద.
ఇంకొకర్ని అడుగు. ఇద్దర్నడుగు.
అడిగితే పోయేదేముంది, ఫీజు తప్ప."

అడిగిన.
సోమాజిగూడల పెద్ద దవాఖాన. ఏసీ చలికి ఫైలే కప్పుకున్న.
డాక్టరు చిన్నోడు, మంచోడు, బొమ్మలేసి చూపెట్టిండు:
మూడు రంధ్రాలు పెట్టి గడ్డలే తీస్తం, సంచి ఉంటది,
మళ్ల మొలుస్తయా అంటే మొలవచ్చు.
లేదంటే తొడలకెల్లి సన్న తీగ పంపి
గడ్డకు పోయే రక్తం బందు పెడతం, అదే ఎండుతది.
కౌంటర్ల పిల్ల ప్యాకేజీ కాగితమిచ్చింది.
ఆ అంకె మూడుసార్లు చదివిన.
నా మిషన్‌ల అన్ని సున్నాలు పట్టయి.

మూడో ఆమె బర్కత్‌పురల, మెట్ల కింద క్లినిక్.
డెబ్భై దాటింటది.
స్కాన్లన్నీ ట్యూబులైటుకు పెట్టి చూసి, అద్దాలు తీసి,
"నీకేం కావాలమ్మా?" అన్నది.
పొద్దుగూకేదాక అందర్నీ
ఎక్కడ దిగాలె, ఎక్కడ దిగాలె అని అడిగేదాన్ని.
ఆ ప్రశ్నకు నా కాడ చిల్లర లేదు.
"రక్తం ఆగాలె" అన్న.
"ఇంకా?"
నేను గోడకున్న క్యాలెండర్ చూసుకుంట కూసున్న.
ఆమె తొందర పెట్టలే.
"క్యాన్సరనిపించే గుర్తులైతే లేవు. ఉరుకుడు వద్దు.
ముందు రక్తం పెంచుదాం.
నెలసరి ఆగినంక ఇవి చానామట్టుకు కుంచించుకపోతయి.
అందాక నువ్వు నిలబడగలవా అన్నది
నేను చెప్పేది కాదు."

మా గల్లీల ఖుద్దూస్ భాయ్ ఇల్లున్నది.
మూడు గోడలు ఇటుకవి, నాలుగోది బండ.
పేల్చనీకి ఒక మేస్త్రీ రేటు చెప్పిండట,
పేలిస్తే ఇల్లే పగులుతదని ఇంకో మేస్త్రీ.
ముప్పై ఏండ్లాయె, అట్లనే ఉన్నరు.
ఎండకాలం రెహమత్ బీ ఆ బండకే వీపానిచ్చి
చింతపండు గింజలు తీస్తది.
వానలు పడితే అదే బండ చెమ్మకు
బియ్యం డబ్బా బూజు పడతది.
"అలవాటైందా?" అని అడిగిన నిన్న.
"ఎండల అడిగితే ఒకటి చెప్త,
వానల అడిగితే ఇంకోటి" అన్నది.

ఇనుము గోలీలు, మూడో వారం.
నాలిక మీద పాత బస్సు రేకు రుచి.
శనివారం మళ్ల బర్కత్‌పుర పోవాలె,
ఏం చెప్తనో నాకే తెల్వదు.
లీవు కాగితం నింపుతున్న.
కారణం అన్న గీత కాడ
చానాసేపు పెన్ను ఆగింది.
సొంత పని, అని రాసిన.