వాగు రొయ్యల రసం

ఇరవై ఆరేళ్లు సున్‌చాంగ్ కొండదారిలో బస్సు నడిపాను.
ఒక్క మలుపూ మరిచిపోలేదు.
మొన్న అక్టోబరులో మాత్రం
టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి
నాది కానట్టు కొట్టుకుంది.

గ్వాంగ్‌జు ఆసుపత్రిలో
వెలుగు పలక మీద నా తల.
కుడివైపున తెల్లగా, సబ్బు నురగలా ఓ గుత్తి.
"గడ్డ" అన్నాడు కుర్ర డాక్టరు.
ఆ మాట నా చేతిలో పెట్టి
తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

సరే, లెక్కలు తేల్చుకున్నాను.
చలికోటు బావమరిదికి.
గాలాలు పక్కింటి ముసలాయనకి.
కట్టించుకోవాల్సిన పన్నొకటి ఉంది,
ఇంక దేనికిలే అని మానుకున్నాను.
మా ఆవిడ మాల్‌సున్ ఏడవలేదు.
ఆ ఏడు క్యాబేజీ ఊరగాయ సగమే పెట్టింది.

తల తెరిచారు.
గడ్డ కాదట.
సున్నం పట్టిన పాత గూడు,
ఎప్పుడో చచ్చిన పురుగుది,
దాని గుడ్ల పెంకులు.
పెద్ద డాక్టరమ్మ మంచం అంచున కూచుని అడిగింది:
"చిన్నప్పుడు పచ్చి పీతలుగానీ
వాగు రొయ్యలుగానీ తిన్నారా?"

తినలేదమ్మా. తాగాను.

యుద్ధం ఆగిన మూడో ఏడు. తట్టు.
నేనూ, చెల్లెలు పుండోకూ
ఒకే బొంత కింద రెండు కుంపట్లం.
అమ్మ ఇంకా మంచు వీడని వాగులో
మోకాళ్లదాకా దిగి, రాయి రాయీ తిప్పి
డెక్కల రొయ్యలు ఏరుకొచ్చింది.
రోట్లో వేసి నూరుతుంటే
డెక్కలు కదులుతూనే ఉన్నాయి.
జనపగుడ్డలో పిండితే బూడిదరంగు రసం.
బురద వాసన, ఇనుప రుచి.
అమ్మ నా ముక్కు మూసింది, మింగాను.
పుండోకు ఊసేసింది.

నాలుగో రోజు దాన్ని చాపలో చుట్టి
నాన్న కొండవైపు తీసుకెళ్లాడు.

"నువ్వు తాగావు, దక్కావు" అనేది అమ్మ,
తల తుడుస్తూ, అన్నం పెడుతూ,
చివరికి నా పేరు మరిచిపోయిన రోజుల్లో కూడా.
ఆ ఊసిన చెంచా మాట మాత్రం
ఎన్నడూ ఎత్తలేదు.

"అది మందు కాదండీ" అంది డాక్టరమ్మ మెల్లగా,
"తట్టు దానంతటదే తగ్గి ఉంటుంది.
ఈ పురుగు వచ్చింది మాత్రం ఆ రసంతోనే."

తలకట్టు మీద చెయ్యి వేసుకున్నాను.
మరి పుండోకు ఊసింది
మంచిదాన్నా, చెడ్డదాన్నా?
ఆవిణ్ణి అడగలేదు. అడగాల్సిన మనిషి
కొండ మీద పుండోకు పక్కనే ఉంది.

"చూస్తారా?" అని సీసా ఎత్తి చూపింది.
చూశాను.
కందిగింజంత కూడా లేదు.
అరవై రెండేళ్లు దాన్ని మోస్తూ
ఎంతమందిని ఎక్కించుకుని తిరిగానో.

ఇంటికి పంపిన రోజు బయట మంచు.
నా కోటు బావమరిది ఒంటి మీద ఉంది.
తిరిగి ఎలా అడగడం?