పచ్చ ట్యాగ్

రాస్ లఫాన్‌ల నా పని పరంజీలు చూసుడు.
ఎవ్వలో కట్టిన పైపుల మీదికి
ఇంకెవ్వలో ఎక్కక ముందు
నేను ఎక్కి, ఊపి,
క్లాంపును సుత్తెతోటి కొట్టి, చప్పుడు విని,
మంచిగుంటె పచ్చ ట్యాగ్, లేకుంటె ఎర్రది.
పదకొండేండ్ల సంది గంతే.

అసుంటి నన్ను వెంటబెట్టుకోని
సుజల బిడ్డకు బండి కొననీకి బయలెల్లింది.
"నచ్చింది కొందాం," అన్నది కార్ల,
"నీ ఉద్యోగం మాత్రం ఆడ చెయ్యకు."

అల్ ఖోర్ మాల్. శుక్రవారం, నమాజ్ అయినంక.
బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపట ఏసీకి మాన్య ముక్కు కారుతున్నది.
ఏడాది మీద రెండు నెలల పిల్ల,
నిలబడుడు వచ్చింది గని
నిలబడ్డ సంగతి యాదికొస్తె కూలబడుతది.

ముందుగాల ఎర్ర కారు.
మీట నొక్కితె ఏడు పాటలు, కండ్లల్ల లైట్లు.
తిర్లేసి చూసిన.
ఇరుసు నా చిటికెన ఏలంత లేదు.
పాటలకు పెట్టిన ఖర్చు చక్రాలకు పెట్టలే.

తర్వాత కొమ్ము గుర్రం. గులాబి జూలు.
ఎత్తు ఎక్కువ, అడుగు సన్నం.
ఒక్క ఏలుతోటి నెట్టిన, ఒరిగింది.
పరంజికైనా పసిపిల్లకైనా
నేను చెప్పేది ఒక్కటే ముచ్చట:
కింద వెడల్పు లేంది మీదికి పోవద్దు.
"షురూ చేసినవా," అన్నది సుజల.

మూలకు, ఎవ్వలు ముట్టని అర్రల, కట్టె బండి.
పాట లేదు, లైటు లేదు, మొకం గూడ లేదు.
నాలుగు రబ్బరు చక్రాలు, దూరం దూరం.
హ్యాండిల్ కొంచెమే తిరుగుతది,
పూర్తిగ తిరిగితె పిల్ల పక్కకు పడుతదని
ఎవ్వలో ఆలోచించిండు.
ఆ ఎవ్వలో మీద నాకు పానం కొట్టుకున్నది.

మాన్యను పక్కకు నిలబెట్టి
మోకాలు కాడికి కొలిసిన.
కూసుంటె పాదం మొత్తం నేలకు ఆనాలె,
మునివేళ్లు ఆనితె సాలదు.
ఆనింది.

ఇగ నేను కూసున్న.
డెబ్బై ఎనిమిది కిలోలు.
బెంచీ మీద తస్బీ తిప్పుతున్న ముసలాయన
తిప్పుడు ఆపి నవ్విండు.
సుజల తెలువనట్టు పక్క దుకాణం దిక్కు చూసింది.
బండి కిర్రుమనలే.

"లైఫ్‌టైం వారంటీ సార్," అన్నడు
నేపాలీ పిల్లగాడు, హిందీల.
నవ్వొచ్చింది.
నా వీసా రెండేండ్లు, ఇల్లు ఏడాది కిరాయి,
కంపెనీ కాంట్రాక్టు వచ్చే మార్చి దాక.
లైఫ్‌టైం అన్న మాట
గీ దేశంల నాతోని ఎవ్వలన్న అనుడు ఇదే మొదలు.
రెండు వందల ఎనభై తొమ్మిది రియాళ్లు.
సుజల లెక్క ఏసింది, పెదవులు కదిలినయి,
ఆఖరుకు "సరే తియ్యి" అన్నది.

మా సోఫా వర్గీసన్నది, కొచ్చి పోయేటప్పుడు ఇచ్చిండు.
మిక్సీ నిజామాబాదు షరీఫా ఆపాది.
మాన్య ఊగిన ఊయలల
మాకంటె ముందు ఇద్దరు మధురై పిల్లలు ఊగిండ్రు.
గీడ సామాను ఉంటది, మనుషులే మారుతరు.
అందుకే ఇరుసు చూసిన.
నా బిడ్డ ఒక్కతే ఎక్కేదైతె
ఎర్ర కారు గూడ సాలు.

ఇంటికొచ్చినంక మాన్య దాని మీద కూసోలే.
మూడు వారాలు నెట్టింది.
ఉల్లిగడ్డలు ఎక్కించింది, నా హెల్మెట్ ఎక్కించింది,
ఒక్క చెప్పు ఎక్కించి వంటింట్లకెల్లి బాల్కనీకి
లోడు తీస్కపోయింది.
ఇరవై రెండో దినం ఎక్కింది.
ఉల్టా, హ్యాండిల్ దిక్కు ఈపు పెట్టి.

ఆ రాత్రి సైటు కెల్లి తెచ్చిన పచ్చ ట్యాగ్
సీటు కింద దారంతోటి కట్టిన.
పేరు, తేదీ, సంతకం.
మల్ల చూసిన తేదీలు రాసేటందుకు
ఇంకా ఆరు గీతలు ఖాళీగున్నయి,
ఎవ్వల సంతకాలు వస్తయో.

తెల్లారి లేచి చూస్తె
మాన్య నోట్లె సగం ట్యాగ్.
సుజల ఏలు పెట్టి తీసింది,
తడిసిన పచ్చ ముక్కను నా అరచేతుల పెట్టి అన్నది:
"బండి మొత్తంల
పిల్ల గొంతుకు అడ్డం పడేది ఇదొక్కటే ఉండె, సారూ."