పదహారు నాలుగులు

పొగాకు కూలి లెక్క రాసుకునే పుస్తకంలో
వెనక నుంచి మొదలవుతుంది బెల్లం లెక్క.
ఉలవలు ఆరు కిలోలు. తవుడు. వేపనూనె.
నాడాలు కొట్టిన కరీముల్లాకి పన్నెండొందలు,
సగం బాకీ.
ముందు నుంచి పాలు, గ్యాసు, తేజు బూట్లు.
రెండు లెక్కలూ నడిమి కాగితం దగ్గర
ఎదురుబొదురు గుద్దుకునే రోజు కోసం
మా అత్త కాచుకోనుంది.
"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంట"
బెల్లానికి వినపడేట్టే అంటుంది.
అని,
బియ్యం కడిగిన నీళ్ళు దాని ముందే పెడుతుంది.

బెల్లం గుడ్డిదేం కాదు.
టపాకాయలకి బెదిరి ఒక పెళ్ళికొడుకుని
సింగరాయకొండ నడిబజార్లో కింద పడేసింది, అంతే.
తలపాగా దొర్లిన ఆ సాయంత్రంతో
దాని పని పోయింది,
నాకు పని పడింది.
కందుకూరులో జట్కా తోలిన మా నాయన
నాకిచ్చిపోయిన ఆస్తి ఒకటే,
గుర్రం చెవులు చదవడం.
చీమకుర్తి రాళ్ళ లారీ దిగొచ్చిన మాల్యాద్రి
దాన్ని చూసి చాలాసేపు ఏమీ అనలా.
"ఇది కూడా తింటది గదా" అన్నాడు చివరికి.
"నువ్వు తినట్లా?" అన్నా.

తెల్లారుజామున నాలుగింటికి
గోనెపట్టాలో పాత బొంత పెట్టి కుట్టిన జీను,
రైలుకట్ట పక్కన మట్టిబాట,
మంచులో తడిసిన శనగచేల పులుపు వాసన.
పరుగు కాదిది. ఉరికితే ఓడిపోతాం.
నడక, దుడుకు, మళ్ళీ నడక,
ఊపిరిని చిల్లరలా దాచుకుంటా పోవాలి.
నాకది తెలిసిన విద్యే,
ఇరవయ్యో తారీకు నుంచి ఒకటో తారీకు దాకా
నెలనెలా చేసే సవారీ అదే గదా.
ఆరు కొట్టేలోగా వెనక్కి రావాలి:
రెండు క్యారేజీలు, ఒక జడ, గ్రేడింగ్ షెడ్డు.
మీ జడలో గుర్రం వాసనొస్తందని
బడిలో పిల్లలు ఏడిపించారంట.
భవిత ఏడవలా.
జడ ముందుకేసుకుని వాసన చూసుకుందంట.

పాకల ఇసకలో పందెం, ఇరవై కిలోమీటర్ల చుట్లు మూడు.
చీటీ పాట డబ్బుల్లోంచి కట్టాను ఫీజు.
వాళ్ళ గుర్రాలు వ్యానుల్లో, ఫ్యాను గాలికి వచ్చాయి.
మేం ముందు రోజే నడిచి పోయాం,
రొయ్యల చెరువుల గట్ల మీద నిద్ర.
ముందొచ్చినంత మాత్రాన లెక్కలోకి రాదక్కడ,
వచ్చినాక గుండె అరవై నాలుగుకి దిగాలి,
దిగకపోతే పంపరు.
ఏఎన్ఎం శేషారత్నం అరువిచ్చిన గొట్టం చెవుల్లో పెట్టుకుని
పదిహేను సెకన్లు లెక్కపెట్టి
నాలుగో ఎక్కం అప్పజెప్పింది భవిత.
మొదటి చుట్టుకి: పదిహేను నాలుగులు అరవై.
రెండో చుట్టుకి, సముద్రం నీళ్ళు మెడ మీద పోసి పోసి,
పదహారు నాలుగులు అరవై నాలుగు.
"పంపుతారమ్మా!"

డాక్టరు సరే అన్నాడు.
బెల్లం ఎడం చెవి మాత్రం సరే అనలా.
వెనక కాలు వైపు ఒక్కసారి తిప్పి,
ఎవరూ చూడలేదన్నట్టు మళ్ళీ ముందుకు పెట్టింది.
ఆ చెవి నాకు తెలుసు.
జ్వరం దాచుకుని షెడ్డుకి పోయిన రోజు
నేనూ అట్నే తిప్పి ఉంటా.

దిగాను.
నంబరు గుడ్డ విప్పి ఇచ్చేశాను.
ఫీజు తిరిగి రాదన్నారు. రాదని తెలుసు.
తిరుగుదారంతా పగ్గం పట్టుకుని నేను ముందు నడిచా,
జీను నా భుజాన.
"అంత డబ్బూ ఇసకలో పోసొచ్చావా" అని అడగాల్సిన అత్త
దాని కాలికి వేడినీళ్ళ కాపడం పెడతా
నా మొహం వంకే చూడలా.

రాత్రి పుస్తకం తెరిచి కూర్చున్నా.
నడిమి కాగితం వచ్చేసింది.
వెనక నుంచి చల్లగా గొట్టం బిళ్ళ గుండె మీద పడింది.
"మాట్లాడొద్దు" అంది భవిత.
పదిహేను సెకన్లు.
"ఇరవై నాలుగు నాలుగులు..." వేళ్ళు మడిచింది,
"తొంభై ఆరు.
అమ్మా, నిన్ను పంపరు. కూర్చో."

పొయ్యి మీద పాలు పొంగుతా ఉండాయి.
లేవబోయాను.
ఈలోగా మా అత్తే లేచి దించింది.