మూరెడు లోతు

గేటు కాడ చక్రాల కుర్చీ ఆపమంటాది ఉమ్ ముసాయిద్.
లోపలికి వద్దంటాది.
ఇనుప కమ్మీల సందులోంచి గడ్డికి సలాం చెప్తాది,
ఎవరో ఎదురొచ్చి పలకరించినట్టు.

ముసలితనం, మతి తప్పిందనుకుంటి.
రెండేండ్లుగా ఆ కుర్చీ నెడతాండా.
మందుబిళ్లల లెక్క తెలుసు,
పక్క తడిసే యాళ తెలుసు,
ఆ సలాం ఎవరికో తెలీదు.

శుక్రవారమైతే ఆ పార్కు మాది.
రాజంపేట రమీజా, పుల్లంపేట కాంతమ్మ,
నర్సాపురం నుంచి కొత్తగా దిగిన మేరీ సుగుణ.
మిట్టల మధ్య దుప్పటి పరిచి
పులుసన్నం, ఊరిమిరపకాయలు,
ఫోన్లో పిల్లోళ్ల మొగాలు.
నడుము ఆనిచ్చేదానికి బాగుంటాయి ఆ మిట్టలు.
బల్లపరుపు కువైటులో
ఇన్ని చిన్న మిట్టలు యాడనుంచి వచ్చినాయని
ఒక్కరమన్నా అడిగింది లేదు.

నీళ్ల పైపులేసే షఫీకుల్ చెప్పె:
మూరెడు కంటే లోతు తవ్వొద్దని ఆర్డరంట,
పెద్దచెట్టు నాటాలన్నా తొట్టిలోనే,
కింద మనుషులుండారంట.
సగం హిందీ, సగం అరబ్బీ, మిగిలింది చెయ్యి.
అరచెయ్యి బోర్లించి
నేలను జోకొట్టినట్టు చూపించె.

నా చేతిలో ముద్ద అట్నే నిలిచిపాయ.
చెప్పులిడిచి లేస్తి.
యాడ అడుగు పెట్టాల్నో తెలీలా.
కాంతమ్మ నవ్వె:
"నిలబడితే బరువు తగ్గుతావా ఓబుళమ్మా?"

మర్సటి దినం మాపున కుర్చీని గేటు దాటిస్తి.
ముసలామె వద్దనలా.
మూలనున్న రేగుచెట్టు కాడికి ఏలు చూపె.
ఆడనుంచి లెక్కపెట్టె,
వాహిద్, ఇత్నేన్, తలాత.
మూడో మిట్ట మీద జారుడుబండ.
మళ్లీ చెట్టు కాడినుంచి లెక్కపెట్టె.
మళ్లీ జారుడుబండే.

తమ్ముడంట.
రోగం పేరు నాకు అర్థం కాకపోతే
మొగమంతా ఏలితో చుక్కలు పెట్టుకునె.
మా ఊర్లో అమ్మవారు అంటాం.
ఎంతవాడంటే గాల్లో చెయ్యి పెట్టి చూపించె,
నా మోకాలు కాడికి రాలా.
పేరు చెప్పలా.
చెప్పిందేమో మరి,
పైనుంచి జారిన పిల్లోడు కేకేసినప్పుడు.

వచ్చే శుక్రవారం మళ్లీ ఆడికే పోతిమి.
ఇంగ యాడికి పోతాం?
మాల్లో కూచుంటే కాపలావాడు లేపుతాడు,
సముద్రం కాడ పోలీసులు ఇకామా చూపమంటారు.
ఈళ్లు అడగరు.

పోయినేడు సాల్మియాలో ఈరమ్మ చచ్చిపోతే
ఇరవైరెండు దినాలు కాగితాలు తిరిగె.
చెక్కపెట్టె మీద బరువు రాసి ఇమానమెక్కిస్తిరి.
అంకెలో పెట్టె ఎంతో, ఈరమ్మ ఎంతో
విడిచి రాయలా.

ఇప్పుడు దుప్పటి పరిచేముందు
రమీజా మెల్లగా సలాం చెప్తాది.
నేను బాటిలు మూత తీసి
మిట్ట మీద రోన్ని నీళ్లు పోస్తా.
గడ్డి ఎండతాందని చెప్తా
కాంతమ్మకు.